తిరుపతి ఎండలో బ్రెజిల్ కాట్లియాలు: పెంపకం, రకాల గుర్తింపు

కాట్లియా అనే ఆర్కిడ్ కొనేముందు దాని పుట్టిల్లు బ్రెజిల్‌లో ఏ మూలో కనుక్కోండి. అంత పెద్ద దేశంలో వాతావరణం ఒక్క తీరుగా ఉండదు. అమెజాన్ అడవిలో ఏడాది పొడుగునా ఉక్కపోతే. లోపలి పీఠభూమిలో, అంటే గోయాస్, మినాస్ జెరైస్ ప్రాంతాల్లో, చలికాలంలో నెలల తరబడి చుక్క రాలదు. దక్షిణాన శాంటా కాటరినా తీరంలో తేమ ఉంటుంది, రాత్రుళ్ళు బాగా చల్లబడతాయి. ఈ మూడు చోట్ల మొక్కల్నీ ఒకే పందిరి కింద ఒకేలా తడిపితే ఒకటి పూస్తుంది, ఒకటి ఊరికే ఆకులేస్తుంది, ఒకటి కుళ్ళిపోతుంది.

మన వైపు కష్టాలు రెండు. ఒకటి ఏప్రిల్, మే ఎండ: పగలు 40 డిగ్రీలు దాటుతుంది, రాత్రి కూడా వేడి దిగదు. రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే ఈశాన్య రుతుపవనాల వాన. ఎండకు భయపడి అందరూ ముందే ఏర్పాట్లు చేసుకుంటారు. నిజానికి కాట్లియాలు ఎక్కువగా పోయేది వానలో.

ఏ ఊరికి ఏ మొక్క

తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు లాంటి పల్లపు ఊళ్ళకు వేడిని ఓర్చుకునేవి కావాలి. అమెజాన్ మొక్క కాట్లియా వయొలేసియా, ఈశాన్య బ్రెజిల్ నుంచి వచ్చిన లేబియాటా, బాహియా తీరపు అక్లాండియే, పీఠభూమి మొక్కలు వాకెరియానా, నోబిలియర్ ఇక్కడ బతుకుతాయి. మొదటిసారి పెంచేవాళ్ళు వీటికి ముందు కాట్లియాలకు దగ్గరి చుట్టమైన బ్రాసావోలా ట్యూబర్‌క్యులాటాతో మొదలుపెడితే మేలు. దాని ఆకు పెన్సిల్‌లా గుండ్రంగా ఉండి నీటిని దాచుకుంటుంది. తెల్లటి పువ్వు రాత్రిపూట పరిమళిస్తుంది. ఒకటి రెండు తప్పులు చేసినా చావదు.

పలమనేరు, కుప్పం వైపు దాదాపు 700 మీటర్ల ఎత్తు. రాత్రి చల్లబడుతుంది కాబట్టి పర్పురాటా, ఇంటర్మీడియా, లాడిజెసై అక్కడ హాయిగా పెరుగుతాయి. తిరుపతిలోనూ ఇంటర్మీడియా పూస్తుంది, పర్పురాటా కొంచెం మొరాయిస్తుంది. ఎర్రగా, చిన్నగా, ఫోటోలో చూడగానే మనసు లాగేసే కాట్లియా కాక్సీనియా మాత్రం మంచు పట్టే చల్లటి కొండల మొక్క. హార్స్‌లీ హిల్స్ లాంటి ఎత్తులో తప్ప దాన్ని కొనకండి, ఒక్క వేసవి కూడా దాటదు.

ఈ మొక్కలు ఎలా బతుకుతాయో చూడాలంటే మన మామిడి తోటల్లోనే నమూనా ఉంది. చెట్టు కొమ్మల మీద వేళ్ళు గాలిలోకి చాపుకుని పెరిగే వాండా టెస్సలేటా కూడా ఆర్కిడే. దాన్ని జనం బదనిక అని పిలిచినా అది చెట్టు రసం పీల్చదు, కొమ్మను పట్టుకుని ఉంటుంది, అంతే. బెరడు మీద ఆ వేళ్ళు వానకు తడిసి, గాలికి గంటల్లో ఆరిపోతాయి. మీ కుండీలో జరగాల్సింది కూడా ఇదే. శేషాచలం అడవిలోంచి మాత్రం ఒక్క మొక్కను కూడా పెరికి తేకండి.

కొనేటప్పుడు చిన్న పిల్లమొక్కలకన్నా పూతకు దగ్గరపడ్డవి తీసుకోండి. గింజ నుంచి పువ్వు దాకా అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. విదేశాల నుంచి తెప్పించే ఆలోచన ఉంటే, ఆర్కిడ్లన్నీ సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం కిందికి వస్తాయని గుర్తుంచుకోండి. సైటిస్ పత్రాలు, మొక్కల క్వారంటైన్ అనుమతి లేకుండా సూట్‌కేసులో తెచ్చేవాళ్ళ దగ్గర కొనవద్దు. ఎక్కడ కొన్నా, కొత్త మొక్కను నాలుగు వారాలు మిగతావాటికి దూరంగా ఉంచండి.

చోటు, నీడ, రాత్రి తేమ

మిద్దె మీద పెంచేవాళ్ళే ఎక్కువ కాబట్టి ఆ లెక్కే చెబుతాం. షేడ్ నెట్ ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తులో కట్టాలి. తలకు తగిలేంత కిందికి కడితే వేడి గాలి దాని కిందే నిలిచిపోతుంది. ఏడాదంతా 50 శాతం నెట్ ఒకటి ఉంచి, మార్చి నడుమ నుంచి జూన్ దాకా ఇంకో 50 శాతం నెట్ దానికి అడుగు కింద కట్టండి. రెంటి మధ్య గాలి ఆడాలి. 75 శాతం నెట్ ఒక్కటే ఏడాదంతా కట్టేస్తే మొక్కలు పచ్చగా, అందంగా ఉంటాయి, పువ్వు మాత్రం రాదు.

వెలుతురు సరిపోయిందో లేదో ఆకే చెబుతుంది. చిలకపచ్చగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ముదురాకుపచ్చగా, మెత్తగా వాలిపోతుంటే చాలడం లేదు. ఆకు మీద ఊదా చుక్కలు పడుతుంటే హద్దు దాకా వచ్చింది. తెల్లగా ఎండిన మచ్చ పడిందంటే కాలిపోయినట్టు, అది మానదు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆకును పట్టుకుని చూడండి. మీ చేతికన్నా వేడిగా తగిలితే ఆ రోజే రెండో నెట్ కట్టాలి.

ఇక రాత్రి సంగతి. కాట్లియాలు మన కలబంద లాగా ఆకు రంధ్రాల్ని పగలు మూసుకుని రాత్రి తెరుస్తాయి. బొగ్గుపులుసు వాయువును అప్పుడే లోపలికి తీసుకుంటాయి. రాత్రి గాలి వేడిగా, పొడిగా ఉంటే తెరిచిన రంధ్రాల్లోంచి నీరు పోతుంది, లేదా మొక్క వాటిని తెరవడమే మానేసి ఆకలితో ఉంటుంది. పగలంతా నీళ్ళు చల్లుతూ, రాత్రి కాంక్రీటు సెగకు వదిలేస్తే లాభం లేదు. మొక్కల్ని మూడడుగుల ఎత్తు స్టాండు మీద పెట్టి, కింద గోనె సంచులు పరిచి, సాయంత్రం ఆరున్నర ఏడింటికి వాటిని బాగా తడపండి. ఆకుల మీద కాదు, నేల మీద. రోహిణి కార్తె దాటేదాకా ఈ ఒక్క పని మానవద్దు.

లేబియాటాకు ఇంకో జాగ్రత్త ఉంది. పగలు పొట్టిగా, రాత్రి పొడుగ్గా ఉందని గమనించాకే అది మొగ్గ తొడుగుతుంది. వీధి దీపం వెలుగు నేరుగా పడేచోట పెడితే ఆ లెక్క తప్పుతుంది. మొక్క బలంగా ఉండి, మొగ్గను కప్పి ఉంచే తొడుగు కూడా వచ్చి, మొగ్గ రాకపోతే ముందు రాత్రి పూట వెళ్ళి ఆ చోటు చూడండి.

కుండీ, నాటడం

ప్లాస్టిక్ కుండీ వద్దు. పక్కల రంధ్రాలున్న మట్టి కుండీ తీసుకోండి. పలమనేరు వైపు మట్టి పనివాళ్ళు అడిగినట్టు రంధ్రాలు పెట్టి ఇస్తారు. వాకెరియానా, నోబిలియర్‌లకు లోతు అక్కర్లేదు, అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టించిన వెడల్పాటి మూకుడు చాలు. వీటిని చెక్క మీద కట్టమని చాలామంది చెబుతారు. తిరుపతి మేలో చెక్క మీది వేరు గంటలో ఎండిపోతుంది. రోజుకు మూడుసార్లు తడపగలిగితేనే ఆ పని పెట్టుకోండి.

లోపల నింపడానికి మట్టి అసలు వాడకూడదు. 2 నుంచి 3 సెంటీమీటర్ల సైజులో కట్టెబొగ్గు రెండు పాళ్ళు, విరిగిన పెంకు ముక్కలు రెండు పాళ్ళు, కొబ్బరి డొక్క ముక్కలు ఒక పాలు కలపాలి. వయొలేసియాకు తడి ఎక్కువ కావాలి కాబట్టి డొక్క రెండు పాళ్ళు. మూకుడులో పెట్టే వాకెరియానాకు డొక్క వేయకండి. డొక్కలో ఉప్పు ఉంటుంది. రోజూ నీళ్ళు మారుస్తూ మూడు నాలుగు రోజులు నానబెట్టి, పిండిన నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత), మీరు పోసిన నీటి టీడీఎస్ దాదాపు సమానమయ్యాక వాడండి. కొత్త మట్టి కుండీని కూడా ఒక రోజంతా నీళ్ళలో ముంచి ఉంచాలి, లేకపోతే అది మొదటి వారం వేళ్ళ దగ్గర తడిని లాగేస్తుంది.

కుండీ మార్చడానికి ముహూర్తం ఒక్కటే: కొత్త పిలక అడుగున ఆకుపచ్చ వేరు మొనలు బుడిపెల్లా కనబడ్డప్పుడు. అవి అర సెంటీమీటరు కాకముందే పని ముగించండి. పొడుగయ్యాక కదిలిస్తే మొన విరుగుతుంది. వేరు మొనలు లేనప్పుడు కదిలిస్తే, ముఖ్యంగా వాకెరియానా, ఏడాదంతా ముడుచుకుని కూర్చుంటుంది.

బ్లేడును గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి, చల్లారాక కోయండి. మొక్క మొక్కకూ మళ్ళీ కాల్చాలి. సింబిడియం మొజాయిక్ అనే వైరస్ ఒక మొక్క రసం నుంచి ఇంకోదానికి బ్లేడు మీదుగానే పాకుతుంది, దానికి మందు లేదు. ఒక్కో ముక్కకు కనీసం మూడు నాలుగు బల్బులు, అంటే ఉబ్బిన కాండాలు ఉండాలి. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దండి. వేళ్ళ మీద పడనివ్వకండి, అది వేరును ఎండబెడుతుంది. పాత బల్బు కుండీ అంచుకు ఆనాలి, కొత్త పిలక మధ్యకు చూడాలి. అడ్డంగా పాకే కాండం మిశ్రమం పైనే ఉండాలి, పూడ్చితే కుళ్ళుతుంది. చివరగా మొక్కను కర్రకు గట్టిగా కట్టండి. ఊగే మొక్క కొత్త వేళ్ళను తనే కోసుకుంటుంది.

నీళ్ళు, ఎరువు

మన బోరు నీళ్ళు చాలాచోట్ల కఠినం. టీడీఎస్ మీటరు కొని చూసుకోండి. 200 లోపు ఉంటే నిశ్చింత. 500 దాటితే కుండీ మీద తెల్లటి పొర, వేరు మొనలు నల్లబడటం మొదలవుతాయి. వాన నీరు పట్టి పెట్టుకోవడం అన్నిటికన్నా మంచిది. లేదంటే ఆర్‌వో మంచినీళ్ళు బోరు నీళ్ళలో సగానికి సగం కలపండి. ఆర్‌వో మిషను బయటికి వదిలే వృథా నీరు మాత్రం పనికిరాదు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఇంకో ప్రమాదం మిద్దె మీది నల్ల ట్యాంకు. మధ్యాహ్నం ఆ నీరు, ఎండలో పడున్న పైపులోని నీరు, వేళ్ళను ఉడికిస్తుంది. ఉదయం ఏడింటి లోపే పోయండి.

పోసే పద్ధతి చూడండి. ఎండిన వేరు వెండి రంగులో ఉంటుంది. 15 సెంటీమీటర్ల కుండీకి అర లీటరు పోయండి. నిమిషంలో వేరు మీది తెల్లటి పొర లోపలి ఆకుపచ్చను చూపిస్తుంది, స్పాంజిలాంటి ఆ పొర తడిసిందన్న మాట. పది నిమిషాలు ఆగి మరో అర లీటరు పోయండి. మొదటి విడత వేరుకు, రెండో విడత కుండీలో పేరుకున్న ఉప్పును కడగడానికి. మళ్ళీ ఎప్పుడంటే, వేరు వెండి రంగుకు తిరిగాక, కుండీ ఎత్తి చూస్తే తేలికగా ఉన్నప్పుడు. వేసవిలో రోజూ కావచ్చు, సంక్రాంతి రోజుల్లో నాలుగు రోజులకు ఒకసారి కావచ్చు. వయొలేసియా పూర్తిగా ఎండే దాకా ఆగకండి.

ఎరువుకు హడావుడి లేదు. పిలక పెరుగుతున్నంత కాలం 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉన్న ఎరువు) లీటరుకు ఒక గ్రాము, వారానికి ఒకసారి, ముందు మామూలు నీళ్ళు పోసిన తర్వాత. నెలకు ఒకసారి మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకు ఒక గ్రాము. పూర్తిగా వాన నీరు వాడేవాళ్ళు కాల్షియం నైట్రేట్ అర గ్రాము వేరే రోజున ఇవ్వాలి. దాన్ని పై రెండింటిలో దేనితో కలిపినా తెల్లగా విరిగి అడుక్కి దిగిపోతుంది. బల్బు ముదిరాక ఎరువు ఆపేయండి.

దసరా నుంచి ధనుర్మాసం దాకా

ఇది అసలు పరీక్ష. వాకెరియానా, నోబిలియర్ తమ సొంత గడ్డ మీద చలికాలమంతా ఎండుతాయి. బ్రెజిల్‌లో ఎక్కువ భాగం భూమధ్యరేఖకు అవతల ఉంది కాబట్టి ఆ చలికాలం జూన్ నుంచి ఆగస్టు. మొక్క ఇక్కడికి వచ్చాక ఏడాది రెండేళ్ళలో మన రుతువులకు అలవాటుపడి, నవంబరు నుంచి విశ్రాంతి కోరుతుంది. సరిగ్గా అప్పుడే మనకు అల్పపీడనాలు. అందుకే దసరా దాటగానే ఈ రెండింటినీ పారదర్శకమైన పాలీకార్బొనేట్ రేకు కిందికి చేర్చాలి. వాకెరియానాకు వారానికి ఒక తడి, నోబిలియర్‌కు బల్బు మరీ ముడత పడితే తప్ప పదిహేను రోజులకు ఒకసారి చిలకరింపు. బల్బు కొంచెం ముడత పడటం చూసి జాలిపడి నీళ్ళు పోస్తే నోబిలియర్ పువ్వు బదులు ఆకు పిలక వేస్తుంది.

లేబియాటాకు ఇదే పూత కాలం. తొడుగులో నీరు నిలిస్తే లోపలి మొగ్గ నల్లబడి పోతుంది. తొడుగును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మొగ్గ నీడ కనబడుతూ, తొడుగు పసుపు తిరిగి తేమ పడుతుంటే పైనుంచి జాగ్రత్తగా చీల్చి గాలి తగలనివ్వండి.

నల్లకుళ్ళు వచ్చేది కూడా ఈ నెలల్లోనే. పిలక అడుగున నల్లగా మొదలై రెండు మూడు రోజుల్లో పైకి పాకుతుంది. చెయ్యి పెట్టి లాగితే ఆకు ఊడి వస్తుంది. కనబడిన క్షణమే నీళ్ళు ఆపి, నలుపు అంచు నుంచి ఇంకో బల్బు వెనక్కి, లోపల తెల్లగా కనబడేదాకా కోయండి. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన పొడిని లీటరుకు రెండు గ్రాములు కలిపి ముంచి, వారం పొడిగా ఉంచండి. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

పురుగుల్లో మొండిది పొలుసు పురుగు. బల్బు మీది ఎండిన కాగితంలాంటి పొర కింద తెల్లటి పిండిలా దాక్కుంటుంది. ఆ పొరను తీసేసి, సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్షుతో రుద్దండి. పది రోజులకు ఒకసారి, మూడు విడతలు. పిండినల్లికి కూడా ఇదే. వేసవిలో ఆకు అడుగున వెండి గీతలు కనబడితే నల్లి పట్టినట్టు, గట్టిగా నీటి ధార కొట్టండి. వేప నూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీటితో, సూర్యాస్తమయం తర్వాతే. ఎండలో నూనె చల్లితే ఆకు వేగిపోతుంది. వానాకాలం నత్తలకు రాత్రి టార్చితో వెతికి ఏరడం కన్నా మంచి మందు లేదు.

పువ్వు లేకుండా గుర్తించడం

మొదట బల్బు మీద ఆకులు లెక్కపెట్టండి. ఒకే వెడల్పాటి ఆకు ఉంటే లేబియాటా, వార్నరై, పర్పురాటా వైపు చూడాలి. రెండు, ఒక్కోసారి మూడు ఆకులుంటే ఇంటర్మీడియా, లాడిజెసై, బైకలర్, అక్లాండియే, వయొలేసియా. తర్వాత కాలం. లేబియాటా, వార్నరై పక్కపక్కన పెడితే పెద్దగా తేడా తెలియదు. మన దగ్గర లేబియాటా సెప్టెంబరు–నవంబరులో, వార్నరై మే–జూన్‌లో పూస్తాయి. లేబియాటాకు ఒకదానిలో ఒకటి దూరిన జంట తొడుగు సాధారణం. ఈ రెండింటి పేర్లు కలగలిసిపోవడానికి కారణం ఉంది. లేబియాటాకు 1821లో ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త లిండ్లే పేరు పెట్టాక, దాని సొంత అడవి ఎక్కడో యూరప్ వాళ్ళకు దశాబ్దాల పాటు దొరకలేదు. ఆలోపు దొరికిన పెద్ద పువ్వుల కాట్లియాలన్నింటినీ లేబియాటాలో రకాలుగా రాసేశారు. పాత చీటీ మీద ‘లేబియాటా వార్నరై’ అని ఉంటే అది వార్నరైయే.

పువ్వు వస్తే పని సులువు. వాకెరియానా, నోబిలియర్ రెండూ ఎక్కువగా ఆకు లేని పొట్టి పిలక మీద పూస్తాయి. పువ్వు మధ్య కాలమ్, అంటే కేసరాలు, కీలం ఒకటై ఏర్పడిన కాడ, చూడండి. వాకెరియానాలో పెదవి రేకు (మిగతావాటికన్నా వేరుగా ఉండే కింది రేకు) పక్క మడతలు చిన్నవి, కాలమ్ బయటికి తెరుచుకుని కనబడుతుంది. నోబిలియర్‌లో ఆ మడతలు కాలమ్‌ను శాలువాలా కప్పేస్తాయి, పెదవి మధ్యలో మీగడ రంగు మచ్చ మీద ఊదా గీతలుంటాయి. బైకలర్ పెదవికి పక్క మడతలే ఉండవు, ఒక్క నాలుక వేలాడినట్టు ఉంటుంది. దాన్ని ఇంకోదానితో పొరబడటం కష్టం.

పర్పురాటా అని కొన్నది నిజంగా అదేనా అని సందేహమొస్తే ఒక పరీక్ష ఉంది. పువ్వు వాడిపోయే ముందు, కాలమ్ చివర ఉన్న చిన్న టోపీని టూత్‌పిక్‌తో కింది నుంచి పైకి నెమ్మదిగా ఎత్తండి. పసుపు రంగు పుప్పొడి ముద్దలు పుల్లకు అంటుకుని వస్తాయి. నల్ల కాగితం మీద పెట్టి భూతద్దంతో లెక్కించండి. మొదటి నుంచీ కాట్లియాలుగా ఉన్నవాటికి నాలుగు, పర్పురాటాకు ఎనిమిది. పెద్దవి నాలుగు, పక్కనే నలిగినట్టు చిన్నవి నాలుగు కనబడితే సంకరజాతి అని అనుమానించండి. పర్పురాటాను మొన్నమొన్నటి దాకా లేలియా అనేవారు. 2000లో సోఫ్రోనైటిస్ అని, 2008లో కాట్లియా అని మార్చారు. మూడు పేర్లతో మూడు మొక్కలు కొనకండి, మూడూ ఒకటే. శాంటా కాటరినా రాష్ట్ర పుష్పం ఇదే.

రంగు రకాలు

ఆల్బా అంటే ఊదా రంగు చుక్క కూడా లేని తెలుపు, గొంతులో పసుపు ఉండొచ్చు. సెమీ ఆల్బాకు రేకులు తెలుపు, పెదవి మాత్రం రంగు. సెరూలియా నీలి ఛాయ. కాన్‌కలర్‌లో పువ్వంతా ఒకే రంగు. పర్పురాటాలో కార్నియా అంటే మాంసపు గులాబీ రంగు పెదవి, వెర్క్‌హౌసెరై అంటే పలక రంగు నీలి పెదవి, ఫ్లామియా అంటే రేకుల మీద మంటలా పాకిన రంగు. ఇంటర్మీడియాలో అక్వినై రకానికి పెదవి రంగు పక్క రేకుల కొసలకు కూడా చిమ్మినట్టు ఉంటుంది.

పూయని మొక్కను ఆల్బా అని అమ్ముతుంటే, మంచి వెలుతురులో కొత్త పిలకను, తొడుగును చూడండి. నిజమైన ఆల్బాకు ఆకులో కూడా ఎరుపు ఉండదు, శుభ్రమైన పచ్చ. పిలక అడుగున ఊదా జీర కనబడితే నమ్మవద్దు. సెరూలియా విషయంలో ఫోన్ ఫోటోను అసలు నమ్మకండి, కెమెరా నీలాన్ని గులాబీగానూ, గులాబీని నీలంగానూ చూపిస్తుంది. పువ్వు విచ్చిన మూడో రోజు, ఉదయం పూట ఆరుబయటి నీడలో, పక్కన తెల్ల కాగితం పెట్టి కంటితో చూడండి. మొదటి రోజు రంగు ఇంకా కుదరదు.

చూసింది చూసినట్టు చీటీ మీద రాయండి: పేరు, రంగు రకం, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నారు, కుండీ మార్చిన నెల, పూసిన తేదీ. స్కెచ్ పెన్ను సిరా మన ఎండకు ఆరు నెలల్లో వెలిసిపోతుంది. అల్యూమినియం రేకు ముక్క మీద మేకుతో గీకి, రాగి తీగతో కుండీ రంధ్రానికి కట్టండి.